నౌకానిర్మాత వాల్‌చంద్ హీరాచంద్

అనంతపురము జిల్లాలో కర్ణాటక సరిహద్దునకు చేరువగా కుందుర్పి యను గ్రామము కలదు. ఊరిని ఆనుకొని కొండ, కొండమీద పాతకోట, చుట్టును మెట్టనేలలు. వానలు సరిగా కురిసిన యేట వేరుసెనగ పండును. కురియని యేట నేల బీడుపడును. అచ్చటినుండి ఏ దిక్కునకు బయలుదేరినను సముద్రము కంటబడుటకు వందలకొలది కిలోమీటర్లు పోవలెను. అట్టి యూరికిని, నడిసముద్రమున పోవు ఓడకును సంబంధమేమి యని మీ రడుగవచ్చును.

ఆ సంబంధము 1942వ సంవత్సరమున మన పల్లె లన్నింటికిని తెలిసివచ్చినది. ఆ దినములలో పల్లెటి యిండ్లలో రాత్రివేళ వెలుగు నిచ్చునది కిరసనాయిలు బుడ్డి. ఆ కిరసనాయిలులో పెద్దభాగము బర్మానుండి ఓడలమీద వచ్చెడిది. కరవు కాలమున ఆదుకొను రంగూను బియ్యమును ఆ త్రోవనే వచ్చెడివి. ఇచ్చటి నేలలలో పండిన వేరుసెనగలు చెన్నపట్టణపు రేవునుండి ఐరోపా దేశములకు పోవుటయు ఓడలమీదనే. రెండవ ప్రపంచయుద్ధమున బర్మా జపానువారి వశమయ్యెను. బంగాళాఖాతమున ఓడల రాకపోకలు ప్రాణాపాయకరము లయ్యెను. కిరసనాయిలు దొరకుట దుర్లభమై, దానిని కొలతప్రకారము పంచవలసి వచ్చెను. సముద్రము నెన్నడును చూడని యింటిలో, సముద్రముమీది యుద్ధమువలన దీపము కొండెక్కెను.

దేశమునకు తన ఓడలు తనకుండవలెననియు, మునిగిన ఓడకు బదులు మరియొక ఓడను తన రేవులోనే కట్టుకొనగల శక్తి యుండవలెననియు, అట్లుకానిచో యుద్ధకాలమున పరుల దయకొరకు ఎదురుచూడవలసి వచ్చుననియు చాల ముందుగా గ్రహించిన భారతీయుడు వాల్‌చంద్ హీరాచంద్. ఆయన మహారాష్ట్రమున పుట్టినవాడే యైనను, ఆయన జీవితములోని ముఖ్యఘట్టము మన విశాఖపట్టణమున జరిగినది.

వాల్‌చంద్ 1882వ సంవత్సరము నవంబరు 23వ తేదీన షోలాపురమున జన్మించెను. వారిది గుజరాతునుండి వచ్చి స్థిరపడిన జైన వర్తక కుటుంబము. బొంబాయిలోని సెంట్ జేవియర్ కళాశాలలోను, పూనాలోని దక్కన్ కళాశాలలోను కొంతకాలము చదివెను గాని పట్టము పుచ్చుకొనలేదు. తండ్రి చేయుచుండిన వ్యాపారమున ఆయన మనస్సు నిలువలేదు. లక్ష్మణరావు ఫాటక్ అను రైల్వే గుత్తదారుతో కలిసి ఇనుపదారులు వేయించు పనిలో ప్రవేశించెను. మట్టికట్టలు, వంతెనలు, సొరంగములు, వేలకొలది కూలీలు, ఇవియే ఆయనకు అసలైన పాఠశాల. పెద్దపనికి జంకకపోవుట, నష్టము వచ్చినను వెనుదీయకపోవుట అచ్చట అలవడిన గుణములు. ఆయన సాధుస్వభావుడు కాడు; పట్టినపట్టు విడువని మనిషి; లాభమును కోరిన వ్యాపారి. ఆ మాటను దాచవలసిన పనిలేదు.

ఆయన దృష్టి సముద్రమువైపు తిరుగుటకు కారణము తెలియవలెనన్న మొదటి ప్రపంచయుద్ధమున ఓడలకు కలిగిన విపత్తును తెలిసికొనవలెను.

విశాఖపట్టణమునకు పోయినవారు అచ్చటి సముద్రతీరమున ఇసుకమీద నిలిపియున్న కుర్సురా అను జలాంతర్గామిని చూచియుందురు. మన నౌకాదళమున ముప్పదియేండ్లకు పైగా పనిచేసి, 2001లో విరమించిన పిమ్మట అది ప్రదర్శనశాల యయ్యెను. లోపలికి పోయిన, మనుష్యులు ఎంత యిరుకున బ్రదుకుదురో, టార్పెడోలను ఏ గొట్టములనుండి విడుతురో కన్నులార చూడవచ్చును. ఇది తరువాతి కాలపుది. మొదటి యుద్ధకాలపు జలాంతర్గాములు దీనికంటె చిన్నవి. ఐనను పద్ధతి యొక్కటే. నీటిపైన నున్నప్పుడు చమురుయంత్రముతో వేగముగా పోవును. నీటిలో మునిగినప్పుడు విద్యుద్ఘటములలో నిలువచేసికొన్న శక్తితో మెల్లగా నడచును. ఆ శక్తి కొన్నిగంటలకే తరుగును. అప్పుడు మరల పైకి రాక తప్పదు. కాబట్టి అది ఓడలను తరిమి పట్టుకొను వేటకుక్క కాదు. త్రోవప్రక్కన పొంచియుండు దొంగ. ఓడలు నడచు దారిలో మునిగి కూర్చుండి, పెరిస్కోపు అను గొట్టమును మాత్రము నీటిపైకి చాచి, వచ్చిన ఓడమీద టార్పెడోను విడుచును.

1917వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీనుండి జర్మనీ తన జలాంతర్గాములకు అడ్డులేని ఆజ్ఞ నిచ్చెను. యుద్ధనౌక యనక వర్తకనౌక యనక, శత్రువు ఓడ యనక తటస్థదేశపు ఓడ యనక, ముందుగా హెచ్చరింపకయే ముంచివేయవచ్చునని ఆ యాజ్ఞకు అర్థము. ఆ యేప్రిల్ నెల యొక్కదానియందే మిత్రరాజ్యములకును తటస్థులకును చెందిన ఎనిమిదిలక్షల టన్నులకు పైగా ఓడలు నీటిపాలయ్యెను. బ్రిటను రేవులనుండి దూరదేశములకు బయలుదేరిన ఓడలలో నాల్గింట నొకటి తిరిగి రాని దుర్దినము లవి. గోధుమ మొదలు చమురువరకు పరదేశములనుండి తెచ్చుకొను ఆ ద్వీపమునకు కొన్ని నెలలలో ఆకలిచావు తప్పదన్న భయము పుట్టెను.

దీనికి కనుగొన్న ఉపాయము క్రొత్తది కాదు. దొంగల భయముగల త్రోవలలో వర్తకులు ఒంటరిగా పోక, బండ్లను, ఎద్దులను ఒక్కటిగా కూర్చి, ముందువెనుకల ఆయుధపాణులను నిలిపి, బిడారుగా సాగిపోవుట మన దేశమున ఎంతో కాలముగా నున్న ఆచారము. ఓడలనుకూడ అట్లే ఇరువదింటినో ముప్పదింటినో గుంపుగా చేర్చి, చుట్టును రక్షకనౌకల నుంచి నడిపించుటనే కాన్వాయ్ అందురు. బ్రిటిషు నౌకాధికారులు దీనిని మొదట ఒప్పుకొనలేదు. గుంపుగా పోయిన శత్రువునకు పెద్దగుఱి దొరకుననియు, వర్తకనౌకల నాయకులు వరుస తప్పక ఓడలను నడుపలేరనియు, రేవులలో ఓడలన్నియు ఒక్కమారే వచ్చిపడి క్రిక్కిరియుననియు వారి వాదము. అనుభవము వేరుగా చూపెను.

దీనిలోని లెక్కను కొంచెము ఆలోచింపుడు. ముప్పది ఓడలు ముప్పది దినములందు ఒక్కొక్కటిగా పోయిన, పొంచియున్న జలాంతర్గామికి ముప్పది అవకాశములు. అవియే కలిసి ఒక్కనాడు పోయిన ఒక్క అవకాశము. మహాసముద్రము విశాలత ముందు ఒంటి ఓడయు, ముప్పది ఓడల గుంపును ఇంచుమించుగా ఒక్కటే చుక్క. గుంపు కనబడుట సులభమని యనుకొనుట పొరపాటు. కనబడినను జలాంతర్గామి ఒకటి రెండు ఓడలను కొట్టులోపలనే రక్షకనౌకలు దానిపై బడును. నీటిలో లోతునకు పోయి పేలు డెప్త్‌చార్జి అను మందుపీపాలను దానిచుట్టును జారవిడుచును. అదివరకు రక్షకనౌకలు శత్రువును వెదకుచు సముద్రమెల్ల వ్యర్థముగా తిరుగుచుండెను. ఇప్పుడు శత్రువే వారి కడకు రావలసి వచ్చెను. ఆ సంవత్సరము మే నెలలో ఈ పద్ధతి ఆరంభమయ్యెను. యుద్ధము ముగియువరకు కాన్వాయ్‌లలో పోయిన ఓడలలో నూటికి ఒకటియైనను మునుగలేదు.

ఐనను మునిగిన ఓడలు తిరిగి రావు కదా. 1918 నాటికి లోకమున ఓడలకు తీవ్రమైన కొరత యేర్పడెను. ఉన్నవానిని బ్రిటిషు ప్రభుత్వము యుద్ధమునకు వాడుకొనుచుండెను. ఓడబాడుగలు ఆకాశము నంటెను. మన వర్తకుల సరకు రేవులలో పడియుండెను. వేలకొలది మైళ్ల తీరము, ఇంత జనము, ఇంత సరకు ఉండియు, దూరసముద్రములకు పోవుటకు మనకు మన ఓడలు లేకపోవుట అప్పుడు స్పష్టముగా బయటపడెను. మన లస్కర్లు, అనగా ఓడకూలీలు, బ్రిటిషువారి ఓడలలో బొగ్గు త్రోయుచు, టార్పెడో తగిలినప్పుడు అడుగుభాగమున నుండి అందరికంటె ముందుగా మరణించుచుండిరి. కూలీలు మనవారు, ఓడలు పరులవి.

పూర్వ మిట్లుండలేదు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సర ప్రాంతమున మోటుపల్లి రేవులో అభయశాసనము వ్రాయించెను. తుపానుదెబ్బ తిని తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును రాజులు హరించుట ఆనాటి లోకములో వాడుక. ఆ వాడుకను మాన్పించి, న్యాయమైన సుంకము తప్ప మరేమియు గైకొనమని ఆయన సముద్రవర్తకులకు మాట యిచ్చెను. వర్తకనౌకకు రక్షణ కల్పించుట రాజధర్మమని తెలుగుదేశపు ప్రభువు ఏడువందల యేండ్లకు పూర్వమే ఎరిగియుండెను. కోరంగి రేవున ఓడలు కట్టిన వడ్రంగులు ఆ తరువాతను చాలకాలము ప్రసిద్ధులు. ఇనుపఓడలును ఆవిరియంత్రములును వచ్చిన పిమ్మట ఆ విద్య వెనుకబడెను. 1906లో తూత్తుకుడియందు చిదంబరం పిళ్లై స్వదేశీ ఓడల సంఘమును స్థాపించి పరదేశీయ సంఘముతో పోరాడెను గాని, ఆయన చెరసాల పాలయ్యెను. ఆ సంఘమును నిలువలేదు.

ఇట్టి స్థితిలో 1919వ సంవత్సరమున వాల్‌చంద్ ఢిల్లీనుండి బొంబాయికి రైలులో వచ్చుచు, తోడి ప్రయాణికుడైన ఒక ఆంగ్లేయునివలన ఒక వార్త వినెను. యుద్ధమున ఆస్పత్రి ఓడగా నుండిన లాయల్టీ అను నౌక బొంబాయిరేవులో అమ్మకమునకు ఉన్నదట. అది గ్వాలియరు మహారాజగు సింధియా ఓడ. వాల్‌చంద్‌కు అదివరకు ఓడల వ్యాపారమున అనుభవము లేదు. ఐనను బొంబాయి చేరిన వెంటనే ఓడను చూచి, నరోత్తం మొరార్జీ మొదలగు మిత్రులను కూడగట్టుకొని దానిని కొనెను. ఆ మార్చి 27వ తేదీన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఏర్పడెను. ఏప్రిల్ 5వ తేదీన లాయల్టీ బొంబాయినుండి లండనునకు బయలుదేరెను.

ఆ ప్రయాణము దేశమున గొప్ప ఉత్సాహము కలిగించినమాట నిజమే. లాభము మాత్రము కలిగింపలేదు. లాయల్టీ 1890 ప్రాంతమున కట్టిన ముసలి ఓడ. దాని మరమ్మతులకును, బొగ్గునకును అయిన వ్యయము విపరీతము. నాలుగేండ్లకే దానిని పాతయినుముక్రింద అమ్మివేయవలసి వచ్చెను. అంతకంటె పెద్దచిక్కు వేరొకటి కలదు. భారతతీరమున ఓడల వ్యాపారమంతయు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ చేతిలో నుండెను. దాని యధిపతి ఇంచ్‌కేప్ ప్రభువు. సింధియా ఓడ ఏ రేవులో సరకు కొరకు నిలిచిన ఆ రేవులో ఆయన కంపెనీ బాడుగను తగ్గించివేసెడిది. నష్టమునకు ఓర్చుకొనగల శక్తి దానికి కలదు. బాలసంస్థయగు సింధియాకు లేదు. సింధియాను కొనివేయుటకును ఆయన ప్రయత్నించెను. వాల్‌చంద్ మిత్రులు అమ్మలేదు.

తుదకు 1923లో పదియేండ్ల ఒడంబడిక కుదిరెను. సింధియా తీరవ్యాపారమున నిర్ణీతమైన టన్నులకు మించి ఓడలను నడుపరాదని నియమము. దీనిని లొంగుబాటని నిందించినవారు కలరు. ఆ నింద పూర్తిగా అన్యాయము కాదు. కాని ఆ ఒడంబడిక లేకయుండిన ఆ సంస్థ ఆ సంవత్సరముననో మరుసటి సంవత్సరముననో మూతపడియుండెడిది. బ్రదికియున్నచో మరల పోరాడవచ్చునని వాల్‌చంద్ తలంచెను. 1929లో నరోత్తం మొరార్జీ మరణింపగా సంస్థకు అధ్యక్షుడై, మన తీరమున మన ఓడలకే ప్రథమస్థాన మీయవలెనని రాజధానులలోను, సభలలోను వాదించుచు వచ్చెను.

సింధియా ఓడలకు జలశబ్దముతో మొదలగు పేళ్లు పెట్టెడివారు. 1933వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన క్రొత్తగా త్రవ్విన విశాఖపట్టణపు లోపలిరేవులో మొట్టమొదట ప్రవేశించిన ఓడ ఈ సంస్థకు చెందిన జలదుర్గ. ఆ రేవును కట్టిన కథయు వినదగినది. బురదనేలను త్రవ్వి లోతుచేసిరి. అలల తాకిడిని అడ్డుటకు రెండు పాత ఓడలను కొండకెదురుగా ముంచి, వానిని ఆధారముగా చేసికొని రాతికట్ట వేసిరి. డాల్ఫిన్ నోస్ అను కొండ చాటున ఆ రేవు గాలివానలకు భయములేనిదై యుండెను. వాల్‌చంద్ మనస్సులో ఆ స్థలము అప్పుడే నాటుకొనెనో లేదో చెప్పలేము గాని, ఎనిమిదేండ్ల పిమ్మట ఆయన వెదకుచు అచ్చటికే వచ్చెను.

1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచయుద్ధ మారంభమయ్యెను. మొదటి యుద్ధమున జరిగినది ఇంతకంటె ఘోరముగా మరల జరుగబోవుచున్నదని ఓడల వ్యాపారము తెలిసిన వారందరు ఎరుగుదురు. జర్మను జలాంతర్గాములు ఈసారి ఒంటరిగా పొంచియుండుటతో తృప్తిపడక, తోడేళ్లవలె గుంపుకట్టి రాత్రివేళ కాన్వాయ్‌లపై బడసాగెను. 1942వ సంవత్సర మొక్కదానిలోనే జలాంతర్గాములు వేయింటికి పైగా ఓడలను ముంచెను. వాని బరువు అరువదిలక్షల టన్నులకు మించును.

ఇట్టి యుద్ధమున వర్తకనౌకలను కాపాడుట రెండువిధములు. మొదటిది సముద్రముమీద కాపుదల: కాన్వాయ్‌లు, నీటిలో ధ్వనిని పంపి దాని ప్రతిధ్వనివలన శత్రువు జాడ తీయు ఆస్డిక్ యంత్రము, డెప్త్‌చార్జీలు, ఆకాశమునుండి కావలికాయు విమానములు. రెండవది రేవులోని కాపుదల: శత్రువు ముంచువేగమునకు మించిన వేగమున క్రొత్త ఓడలను కట్టుట. మొదటిది ఎంత ముఖ్యమో రెండవదియు అంతే. అమెరికావారు లిబర్టీ అను ఒకే నమూనాగల ఓడలను 1941 మొదలు 1945 వరకు రెండువేల ఏడువందలకు పైగా కట్టిరి. అందొకదానిని 1942 నవంబరులో అయిదుదినములు నిండకుండనే నీటిలోనికి దించిరి. భాగములను వేర్వేరుచోట్ల సిద్ధపరచి తెచ్చి అతుకుటవలన ఇది సాధ్యమయ్యెను. 1943లో మునుగు ఓడలకంటె పుట్టు ఓడలు అధికమయ్యెను. అప్పుడు జలాంతర్గాముల యుద్ధము తిరుగుముఖము పట్టెను.

వాల్‌చంద్ భారతప్రభుత్వము ముందు పెట్టిన ప్రతిపాదనయు ఇదియే. ఓడలు మునుగుచున్నవి, మా దేశమున పనివారు కలరు, టాటావారి ఉక్కు కలదు, ఓడలశాల స్థాపింతుము, యంత్రములు తెప్పించుకొనుటకు తోడ్పడుడని ఆయన కోరిక. ప్రభుత్వము ఓడల మరమ్మతునకు ఇచ్చిన ప్రాముఖ్యమును ఓడల నిర్మాణమునకు ఈయలేదు. అందుకు చెప్పిన కారణములు కొన్ని నిజమైనవే. యంత్రములు బ్రిటనునకే చాలకుండెను. క్రొత్తశాల ఫలమిచ్చుటకు సంవత్సరములు పట్టును. కాని భారతీయుల ఓడలశాల యుద్ధానంతరము తమకు పోటీయగునన్న బ్రిటిషు వర్తకుల శంకయు అందు కలదనుట కాదనరానిది. అదే కాలమున బెంగుళూరులో మైసూరు సంస్థానము తోడ్పాటుతో వాల్‌చంద్ 1940 డిసెంబరులో విమానముల కర్మాగారము స్థాపించెను. నేలమీద, నీటిమీద, ఆకాశమున నడచు వాహనములు మూడును ఈ దేశముననే తయారుకావలెనని ఆయన పట్టుదల.

ఓడలశాలకు మొదట కలకత్తాలో స్థలమునకై యత్నించెను. అచ్చట అనుకూలపడలేదు. అప్పుడు విశాఖపట్టణమును ఎన్నుకొనెను. లోతైన రేవు, కొండచాటు, ఉక్కు వచ్చు రైలుదారి, ఇవి దాని మేళ్లు. 1941వ సంవత్సరము జూన్ 21వ తేదీన డాక్టర్ రాజేంద్రప్రసాద్ అచ్చట శంకుస్థాపన చేసెను. బ్రిటిషు ప్రభుత్వము యుద్ధమున మునిగియున్న కాలమున, ఓడలశాల పునాదిరాతిని వైస్రాయిచేత గాక జాతీయనాయకునిచేత వేయించుట వాల్‌చంద్ సాహసమునకు తార్కాణము.

ఆరునెలలు గడచులోపల జపాను యుద్ధమున దిగెను. 1942 జనవరిలో జపాను జలాంతర్గాములు బంగాళాఖాతమున ప్రవేశించెను. సింధియావారి జలతరంగ్, జలపాలక అను ఓడలు ఆ నెల చివర ఒకదానివెంట నొకటి మునిగెను. ఏప్రిల్ మొదటివారమున మరింత పెద్ద ఉపద్రవము వచ్చెను. జపాను నౌకాదళ మొకటి బంగాళాఖాతమున జొచ్చెను. కలకత్తా రేవున బాంబులు పడునన్న భయముతో అంతకుముందే అచ్చటి ఓడలను ఖాళీచేయించి, కాపుదల లేకయే తీరమువెంట పంపివేసియుండిరి. ఆ ఓడలు సరిగా శత్రువు దారిలోనే పడెను. కొన్నిదినములలో ఇరువదివరకు వర్తకనౌకలు మునిగిపోయెను. బిడారు లేని బండ్లకు అడవిత్రోవలో పట్టు గతియే వానికి పట్టెను.

ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసెను. రేవు దెబ్బతినెను. కొందరు మరణించిరి. శత్రువు తీరమున దిగుచున్నాడన్న వదంతి పుట్టి జనులు మూటముల్లెలతో రైళ్లకును, బండ్లకును ఎగబడిరి. కొన్ని దినములు నగరము పాడుపడినట్లుండెను. ఆంధ్రవిశ్వవిద్యాలయమును ఆ యేడే గుంటూరునకు తరలించిరి. పునాదులస్థితిలో నున్న ఓడలశాల పని కుంటువడెను. రావలసిన యంత్రములు రాలేదు, ఉక్కు దొరకలేదు. అమెరికారేవులలో దినమునకొక ఓడ నీట దిగుచుండిన ఆ సంవత్సరములలో విశాఖలో ఒక్క ఓడకైనను వెన్నుగట్టు వేయుట సాధ్యముకాలేదు. వాల్‌చంద్ జీవితములో ఇంతకంటె చేదైన కాలము వేరొకటి లేదనవచ్చును.

ఇక సముద్రముమీది కాపుదల మాత్రము ఇచ్చటను క్రమముగా బలపడెను. కొలంబోకును కలకత్తాకును నడుమ ఓడలు కాన్వాయ్‌లుగా పోసాగెను. 1944వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన అట్టి కాన్వాయ్ ఒకటి విశాఖపట్టణమునకు ఎదురుగా పోవుచుండెను. ఆర్.ఓ.110 అను జపాను జలాంతర్గామి దానిపై టార్పెడోలు విడిచెను. ఆస్ఫాలియన్ అను బ్రిటిషు ఓడకు దెబ్బ తగిలెను. భారత నౌకాదళమునకు చెందిన జమునా, ఆస్ట్రేలియావారి ఇప్స్‌విచ్, లాన్‌సెస్టన్ అను మూడు రక్షకనౌకలు తత్క్షణమే శత్రువును వెదకి, డెప్త్‌చార్జీలతో ఆ జలాంతర్గామిని ముంచివేసెను. దానిలోనివా రొక్కరును బ్రతుకలేదు. దెబ్బతిన్న ఆస్ఫాలియన్ మునుగక విశాఖరేవునకు చేర్పబడెను. ఇరువదియేడేండ్లక్రింద అట్లాంటిక్ సముద్రమున నేర్చిన పాఠము మన తీరమునకు కొన్నిమైళ్ల దూరములో పనికివచ్చెను.

కాన్వాయ్ అన్నంతనే అపాయము తొలగునని తలపరాదు. మరుసటి నెల 16వ తేదీన సింధియావారి ఎల్‌మదీనా అను ఓడ సైనికులతో పోవుచు బంగాళాఖాతముననే మరియొక జలాంతర్గామికి బలియయ్యెను. దానితో సుమారు 380 మంది ప్రాణములు పోయెను. హజ్ యాత్రికులకొరకు కట్టిన ఓడ యది. యుద్ధమంతటిలో ఆరువేలమందికి పైగా భారతీయ నావికులు మరణించిరి. తక్కువ జీతమునకు అదే యపాయమును ఎదుర్కొనుచున్నామని 1939లోనే వారిలో పలువురు సమ్మె చేసియుండిరి. ఓడల యజమానుల చరిత్రలు వ్రాయునప్పుడు వీరిని మరచుట పరిపాటి. కాని దీపమునకు చమురు తెచ్చినది వారి చేతులే.

యుద్ధము ముగిసిన పిమ్మట వాల్‌చంద్ మరల విశాఖపట్టణపు పని చేపట్టెను. అప్పటికి ఆయన వయస్సు అరువదిమూడు. 1946 జూన్‌లో మొదటి ఓడకు వెన్నుగట్టు వేసిరి. ఎన్నడును ఓడను కట్టి యెరుగని పనివారు ఉక్కురేకులను వంచుట, మేకులు బిగించుట, అతుకుట అచ్చటనే నేర్చుకొనిరి. నడుమ 1947లో దేశము స్వతంత్రమయ్యెను. ఆనాటికి దేశమునకు గల ఓడలన్నియు కలిపి రెండులక్షల టన్నులకు లోపు. 1948వ సంవత్సరము మార్చి 14వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ఆ తొలి ఓడను నీటిలోనికి దించెను. ఎనిమిదివేల టన్నుల సరకు మోయగల ఆ ఓడ పేరు జలఉష. నీటిమీద ఉదయకాంతి అని దాని యర్థము. శంకుస్థాపనకును దీనికిని నడుమ గడచినవి ఏడేండ్లు. అవి యుద్ధమునకు ముందు దొరకియుండిన ఎన్ని ఓడలు, ఎన్ని ప్రాణములు దక్కియుండునో లెక్కకట్టుట కష్టము.

ఆ పిమ్మట ఓడలశాల నడుపుట ఆ సంస్థకు భారమయ్యెను. ఇచ్చట కట్టిన ఓడకు పరదేశములలో కట్టినదానికంటె వ్యయ మెక్కువ. ప్రభుత్వసహాయము లేక అమ్ముడుపోదు. 1952లో ప్రభుత్వము మూడింట రెండుపాళ్లు తీసికొనగా అది హిందుస్తాన్ షిప్‌యార్డ్ అను పేర నడచెను. 1961లో పూర్తిగా ప్రభుత్వపరమయ్యెను. పరుల పాలనలో పోరాడి స్థాపించినదానిని స్వజనుల ప్రభుత్వమునకు అప్పగించుట వాల్‌చంద్‌కు సంతోషమో, వ్యథయో, రెండునో. అప్పటికే ఆయన ఆరోగ్యము చెడి, 1950లో సింధియా అధ్యక్షపదవిని విడిచియుండెను. గుజరాతులోని సిద్ధపురమున 1953వ సంవత్సరము ఏప్రిల్ 8వ తేదీన మరణించెను.

లాయల్టీ బొంబాయినుండి బయలుదేరిన ఏప్రిల్ 5వ తేదీని 1964 మొదలు దేశమంతటను జాతీయ నౌకాయాన దినముగా జరుపుచున్నారు. విశాఖలోని ఓడలశాల 2010లో రక్షణశాఖ క్రిందికి వచ్చెను. ఒకప్పుడు జలాంతర్గాములు ముంచిన ఓడలకు బదులు ఓడలు కట్టవలెనని పుట్టిన ఆ శాలలోనే, 2006నుండి 2015వరకు మన నౌకాదళపు సింధుకీర్తి అను జలాంతర్గామిని విప్పి, బాగుచేసి, మరల సముద్రమునకు పంపిరి.